మూడు సీట్లు, మూడు పార్టీలు.. డీలిమిటేషన్ వస్తే కడప గీతలు ఎటు మారతాయి?

పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు.. పక్కపక్కనే ఉన్న మూడు నియోజకవర్గాలు. 2024 ఎన్నికల్లో మూడు చోట్లా మూడు పార్టీలు గెలిచాయి. పులివెందులలో వైసీపీ అధినేత జగన్, జమ్మలమడుగులో బీజేపీ నుంచి ఆదినారాయణరెడ్డి, ప్రొద్దుటూరులో టీడీపీ నుంచి నంద్యాల వరదరాజులరెడ్డి. ఇప్పుడు ఈ మూడు చోట్లా నేతల్లో ఒకటే లెక్క నడుస్తోంది. డీలిమిటేషన్ జరిగితే ఏ మండలం ఎటు పోతుంది?

సీట్లు ఇప్పటిదాకా ఎందుకు పెరగలేదు?

2014 విభజన చట్టంలోని సెక్షన్ 26 ప్రకారం ఏపీ అసెంబ్లీ సీట్లు 175 నుంచి 225కి, తెలంగాణలో 119 నుంచి 153కి పెరగాలి. పదేళ్లు దాటినా అది జరగలేదు. కారణం అదే సెక్షన్‌లో ఉంది. రాజ్యాంగంలోని 170వ ఆర్టికల్‌కు లోబడి మాత్రమే పెంచాలని అందులో రాశారు. 2026 తర్వాత జరిగే తొలి జనగణన లెక్కలు వచ్చేదాకా అసెంబ్లీ సీట్లను ముట్టుకోవద్దని ఆ ఆర్టికల్ చెబుతోంది.

జమ్మూకశ్మీర్‌లో సీట్లు పెంచినప్పుడు మాకెందుకు పెంచరు అంటూ ప్రొఫెసర్ పురుషోత్తమరెడ్డి సుప్రీంకోర్టుకు వెళ్లారు. కానీ 2025 జూలై 25న కోర్టు ఆ పిటిషన్‌ను కొట్టేసింది. జమ్మూకశ్మీర్ కేంద్రపాలిత ప్రాంతం కాబట్టి 170వ ఆర్టికల్ దానికి వర్తించదని, రాష్ట్రాలతో పోల్చలేమని తేల్చింది. అంటే ఇక చూపంతా జనగణన మీదే. జనాభా లెక్కింపు దశ 2027 ఫిబ్రవరిలో జరగాలి.

గతసారి కడపకు ఏం జరిగింది?

కడప జిల్లాకు ఈ అనుభవం కొత్త కాదు. 2008 పునర్విభజనకు ముందు జిల్లాలో 11 అసెంబ్లీ సీట్లు ఉండేవి. ఆ తర్వాత 10 మిగిలాయి. లక్కిరెడ్డిపల్లె నియోజకవర్గం మ్యాప్‌లోనే లేకుండా పోయింది. బద్వేలు ఎస్సీ రిజర్వుడ్ అయింది.

దీని వెనక కుట్ర వెతకాల్సిన పనిలేదు, లెక్క చూస్తే చాలు. 2001లో ఉమ్మడి రాష్ట్ర జనాభా సుమారు 7.62 కోట్లు, సీట్లు 294. అంటే సీటుకు సగటున 2.59 లక్షల మంది. కడప జిల్లా జనాభా దాదాపు 26 లక్షలు. భాగిస్తే వచ్చేది పదే. హైదరాబాద్ చుట్టూ జనం పెరిగారు, సీట్లు అటు వెళ్లాయి.

225 అయితే లాభమెంత?

2011 లెక్కలతో చూద్దాం. ఇప్పటి ఏపీ జనాభా అప్పట్లో దాదాపు 4.95 కోట్లు. 175 సీట్లతో సగటు 2.83 లక్షలు. 225 అయితే అది 2.20 లక్షలకు తగ్గుతుంది. ఉమ్మడి కడప జిల్లా జనాభా 28.8 లక్షలు కాబట్టి 10 సీట్లు 13 అయ్యే వీలుంది. ఇది అంచనా మాత్రమే. అసలు లెక్క కొత్త జనగణనతోనే తేలుతుంది.

సగటు తగ్గితే పెద్ద నియోజకవర్గాల నుంచి మండలాలు బయటికి రావాలి. పులివెందులలో ఇప్పుడు ఏడు మండలాలు, జమ్మలమడుగులో ఆరు. ప్రొద్దుటూరులో మాత్రం రెండే.. ప్రొద్దుటూరు, రాజుపాళెం. అక్కడ పట్టణ ఓటే అసలు బలం. కాబట్టి వేంపల్లె, చక్రాయపేట, ఎర్రగుంట్ల, ముద్దనూరు లాంటి మండలాలు ఎటు చేరతాయన్నదే కీలకం. ఒక్క మండలం అటు ఇటు అయినా మెజారిటీ లెక్కలు తారుమారవుతాయి.

గండికోట ముంపు గ్రామాల సంగతి వేరు. కొండాపురం మండలంలో తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊళ్లు రిజర్వాయర్ కోసం ఖాళీ అయ్యాయి. జనగణన మనిషి ఎక్కడుంటే అక్కడే లెక్కేస్తుంది. కొందరు పునరావాస కాలనీల్లో, కొందరు వేరే పట్టణాల్లో ఉన్నారు. ఊరు వదిలిన కుటుంబాలు ఎక్కడ లెక్కకెక్కితే ఆ ప్రాంతానికే సీటు వాటాలో బలం.

మహిళా కోటా మరో మలుపు

2023లో చేసిన 106వ రాజ్యాంగ సవరణ ప్రకారం పునర్విభజన తర్వాత మూడో వంతు సీట్లు మహిళలకు ఇవ్వాలి. 1978 నుంచి పులివెందుల వైఎస్ కుటుంబం చేతిలోనే ఉంది. అక్కడ విజయమ్మ కూడా ఎమ్మెల్యేగా పనిచేశారు. కానీ ఈ మూడింటిలో ఏదైనా మహిళా సీటు అయితే దశాబ్దాలుగా పాతుకుపోయిన నేతలు కొత్త దారి వెతుక్కోవాల్సిందే.

జనం చేయగలిగేది ఏంటి?

డీలిమిటేషన్ కమిషన్ తుది ఉత్తర్వు ఇచ్చాక సీట్ల కేటాయింపును కోర్టులో సవాలు చేయడం దాదాపు అసాధ్యం. రాజ్యాంగంలోని 329వ ఆర్టికల్ అడ్డు. 2008 కసరత్తులో రాష్ట్రం నుంచి ఐదుగురు ఎంపీలు, ఐదుగురు ఎమ్మెల్యేలు కమిషన్‌లో అసోసియేట్ సభ్యులుగా ఉన్నారు. వాళ్లకు మాట చెప్పే వీలుంది కానీ ఓటు లేదు.

సామాన్యుడికి దొరికే అవకాశం ఒక్కటే. ముసాయిదా ప్రచురించాక అభ్యంతరాలు తీసుకుంటారు, బహిరంగ విచారణలు పెడతారు. మా ఊరికి ఫలానా పట్టణం దగ్గర, బస్సు అటే ఉంది, ఆఫీసులు అటే ఉన్నాయి అని రాతపూర్వకంగా చెప్పాల్సింది అప్పుడే. లక్కిరెడ్డిపల్లె పోయాక బాధపడి లాభం లేకపోయింది. ఈసారి గీత గీయకముందే మాట్లాడాలి.