మెత్తగా తన్నే పిస్టల్: అంకె లేని మాటతో వచ్చే చిక్కు

‘కొంచెం వదులుగా కుట్టండి’ అంటే దర్జీ తలూపి ఊరుకోడు. టేపు తీస్తాడు. ఛాతీ దగ్గర ఒక అంగుళమా, రెండంగుళాలా అని అడుగుతాడు. కొలత పుస్తకంలో రాసుకుంటాడు. అమెరికాలో వేల డాలర్లు పోసి, నెలల తరబడి ఎదురుచూసి చేయించుకునే పోటీ పిస్టళ్ల విషయంలో ఈ టేపు తీసే పని అన్ని చోట్లా కనిపించదు. కొనేవారు ‘మెత్తగా ఉండాలి, ట్రిగ్గర్ తేలిగ్గా ఉండాలి, ఎక్కడా ఆగకూడదు’ అంటారు. తయారుచేసే గన్‌స్మిత్ ‘అలాగే’ అంటాడు. ఈ మూడు కోరికలూ ఒకదాన్నొకటి వెనక్కి లాగుతాయన్న సంగతి ఇద్దరి మాటల్లోనూ రాదు. అది చెప్పాల్సిన బాధ్యత తుపాకీ మేస్త్రిదేనని, దాన్ని అంకెల్లో రాసి ఇవ్వాలని నా అభిప్రాయం. ఇందులో ఉన్నదంతా ఇంటర్ స్థాయి భౌతికశాస్త్రమే.

ముందు ఆట గురించి. కదులుతూ, వేగంగా, పలు లక్ష్యాలను కాల్చే ‘ప్రాక్టికల్ షూటింగ్’ క్రీడకు అంతర్జాతీయ సమాఖ్య ఐపీఎస్‌సీ 1976లో అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో ఏర్పడింది. అమెరికాలో దాని శాఖ యూఎస్‌పీఎస్‌ఏ. ఇక్కడ స్కోరు అంటే సాధించిన పాయింట్లను పట్టిన సెకన్లతో భాగించగా వచ్చే అంకె. దీన్ని ‘హిట్ ఫ్యాక్టర్’ అంటారు. 58 పాయింట్లు 6 సెకన్లలో వస్తే 9.67. అవే పాయింట్లు 5.8 సెకన్లలో వస్తే 10. మంచి షూటర్లు ఒక తూటాకూ తరువాతి తూటాకూ మధ్య 0.2 సెకను కూడా తీసుకోరు. పిస్టల్ ముక్కు పైకి లేచి మళ్లీ గురి మీదకు రావాల్సింది ఆ వ్యవధిలోనే. అందుకే పిస్టల్ ఎలా తన్నుతుందన్నది ఇక్కడ అంత పెద్ద విషయం.

మరి ఎవరైనా బలహీనమైన తూటాలు వాడి సులువుగా గెలవవచ్చు కదా? అలా జరగకుండా ‘పవర్ ఫ్యాక్టర్’ అనే నిబంధన పెట్టారు. తూటా బరువును గ్రెయిన్లలో, వేగాన్ని సెకనుకు అడుగుల్లో తీసుకుని, రెండింటినీ గుణించి, వెయ్యితో భాగిస్తారు. యూఎస్‌పీఎస్‌ఏలో అది 165 దాటితే ‘మేజర్’, 125 దాటితే ‘మైనర్’. మేజర్ అయితే లక్ష్యం మధ్య గీతకు అవతల తగిలిన తూటాకు 4 పాయింట్లు వస్తాయి, మైనర్‌కు 3 మాత్రమే. గ్రెయిన్ అంటే 64.8 మిల్లీగ్రాములు. మన కంసాలులు బంగారం తూచిన గురివింద గింజలో దాదాపు సగం అనుకోండి. గింజలతో తూకం మొదలుపెట్టింది మనమొక్కరమే కాదు.

బరువు ఇంటూ వేగం అంటే ద్రవ్యవేగం. 165 పవర్ ఫ్యాక్టర్‌ను మన యూనిట్లలోకి మారిస్తే సుమారు 3.26 కిలోగ్రామ్ మీటర్లు/సెకను. న్యూటన్ మూడో నియమం ప్రకారం తూటా ముందుకు ఎంత ద్రవ్యవేగంతో వెళ్తుందో పిస్టల్‌కు వెనక్కి అంతే వస్తుంది. వాయువుల వాటా దానికి అదనం, ప్రస్తుతానికి పక్కన పెడదాం. 1.2 కిలోల పిస్టల్ అయితే సెకనుకు సుమారు 2.7 మీటర్ల వేగంతో వెనక్కి వస్తుంది. ఈ లెక్కను ఏ మేస్త్రీ తప్పించలేడు. ఎంత గొప్ప స్ప్రింగు పెట్టినా, ఎంత ఖరీదైన ఉక్కు వాడినా చేతికి చేరే మొత్తం ప్రచోదనం తగ్గదు. ఆ ప్రచోదనం ఎంత సేపట్లో, ఏ దిశలో చేరుతుందన్నది మాత్రమే మార్చగలరు. పిస్టల్‌ను ‘ట్యూన్ చేయడం’ అంటే చాలావరకు ఇదే.

ఇక్కడే మాటల చిక్కు మొదలవుతుంది. కొనేవారు ‘మెత్తగా’ అన్నప్పుడు రెండు అర్థాలుండొచ్చు. ఒకటి, అరచేతికి తగిలే దెబ్బ తీవ్రంగా ఉండకూడదని. అంటే అదే ప్రచోదనం ఎక్కువ సేపు పరచుకుని రావాలి, గరిష్ఠ బలం తగ్గాలి. రెండోది, పిస్టల్ ముక్కు పైకి లేవకూడదని. దీన్ని అక్కడి షూటర్లు ‘ఫ్లాట్’ అంటారు. బారెల్ చేతి పట్టుకు పైన ఉంటుంది కాబట్టి వెనక్కి వచ్చే బలం పిస్టల్‌ను పైకి తిప్పుతుంది. ఆ టార్క్‌ను అణచడం వేరు, దెబ్బను మెత్తబరచడం వేరు. మెత్తగా తన్నినా ముక్కు బద్ధకంగా ఊగే పిస్టల్ ఉంటుంది. చేతిని గట్టిగా కొట్టినా చుక్క కదలని పిస్టల్ కూడా ఉంటుంది. స్కోరు కావాల్సినవారికి తరచుగా రెండోదే పనికొస్తుంది. అయినా నోటితో అడిగేది మొదటిదాన్ని.

కాంపెన్సేటర్ సంగతి చూస్తే ఈ తేడా బాగా తెలుస్తుంది. బారెల్ కొసన బిగించే ఈ భాగానికి పై వైపు రంధ్రాలుంటాయి. తూటా వెనకే వచ్చే వేడి వాయువులు వాటిలోంచి పైకి చిమ్ముతాయి, ప్రతిచర్యగా ముక్కు కిందికి నొక్కుకుంటుంది. పని చేసేది వాయువు కాబట్టి వాయువు ఎంత ఉందన్నదే అసలు ప్రశ్న. 180 గ్రెయిన్ల తూటా సెకనుకు 917 అడుగుల వేగంతో వెళ్తే పవర్ ఫ్యాక్టర్ 165. 124 గ్రెయిన్ల తూటా 1,331 అడుగుల వేగంతో వెళ్లినా అదే 165. ద్రవ్యవేగం ఒకటే. గతిశక్తి మాత్రం మొదటిదానికి దాదాపు 455 జౌళ్లు, రెండోదానికి 661 జౌళ్లు. తేలిక తూటాను అంత వేగంగా తోయడానికి మందుగుండు ఎక్కువ కావాలి, వాయువూ ఎక్కువ వస్తుంది, కాంపెన్సేటర్‌కు చేతినిండా పని దొరుకుతుంది. కాంపెన్సేటర్‌ను అనుమతించే ‘ఓపెన్’ విభాగంలో తేలికపాటి వేగవంతమైన తూటాలు, అది లేని విభాగాల్లో బరువైన నిదానపు తూటాలు ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే.

దీన్నిబట్టి మేస్త్రి మొదట అడగాల్సిన ప్రశ్న ‘మీరు ఏ తూటా వాడతారు?’ అన్నది. మేజర్ తూటాలతో ట్యూన్ చేసిన పిస్టల్‌లో ఎవరైనా దుకాణంలో దొరికే మామూలు తూటాలు పెడితే కాంపెన్సేటర్ నీరసపడుతుంది, స్లయిడ్ పూర్తిగా వెనక్కి రాకపోవచ్చు. తుపాకీ ఆగిపోతుంది. కొన్నవారికి అది తుపాకీ లోపంలా కనిపిస్తుంది. మేస్త్రికి కొన్నవారి అజ్ఞానంలా కనిపిస్తుంది. అసలు లోపం ఎవరూ అడగని ఆ ఒక్క ప్రశ్నలో ఉంది.

స్లయిడ్, స్ప్రింగు కథ ఇంకా ఆసక్తికరం. పేలినప్పుడు పిస్టల్ పైభాగమైన స్లయిడ్ వెనక్కి దూసుకెళ్లి, స్ప్రింగును నొక్కి, చివర ఫ్రేమ్‌ను ఢీకొని, స్ప్రింగు తోపుతో మళ్లీ ముందుకొచ్చి మూసుకుంటుంది. బలమైన స్ప్రింగు వేస్తే వెనక దెబ్బ తగ్గుతుంది. కానీ స్లయిడ్ ముందుకొచ్చేటప్పుడు గట్టిగా కొట్టి ముక్కును గురి కిందికి ముంచుతుంది. బలహీనమైనది వేస్తే ముందు దెబ్బ తగ్గి వెనక దెబ్బ పెరుగుతుంది. 10 పౌండ్ల స్ప్రింగా, 8 పౌండ్లదా అన్న చర్చ అంతా ఈ రెండు దెబ్బల పంపకం గురించే. స్లయిడ్‌ను చెక్కి తేలిక చేస్తే అటూ ఇటూ ఊగే బరువు తగ్గుతుంది, చుక్క త్వరగా కుదురుకుంటుంది. అయితే అదే ద్రవ్యవేగానికి తేలిక వస్తువు వేగం ఎక్కువ, శక్తి ఇంకా ఎక్కువ. ద్రవ్యరాశి సగమైతే శక్తి రెట్టింపు. ఆ శక్తి ఫ్రేమ్ మీద, చిన్న చిన్న భాగాల మీద పడుతుంది. పైగా స్లయిడ్ వేగంగా తిరిగొచ్చే లోపే మేగజైన్ స్ప్రింగు తరువాతి తూటాను పైకి లేపి ఉంచాలి. లేపలేకపోతే పిస్టల్ ఇరుక్కుంటుంది. ‘మెత్తగా’ అన్న కోరిక ‘ఎక్కడా ఆగకూడదు’ అన్న కోరికను తినేసేది ఇలాగే. ఎంత తిన్నదో కొన్నవారికి చెప్పాలి కదా.

ట్రిగ్గర్ దగ్గర చిక్కు మరింత సున్నితం, ఎందుకంటే అక్కడ భద్రత కూడా ఉంది. ట్రిగ్గర్‌ను తేలిక చేయడమంటే లోపల ఒకదానికొకటి కొక్కెంలా పట్టుకున్న రెండు ఉక్కు అంచుల మధ్య పట్టును, వాటిని నొక్కి ఉంచే స్ప్రింగుల బలాన్ని తగ్గించడం. కొంత మేరకు సరే. ఆ తరువాత అరుగుదల కాస్త పెరిగినా ఒక్క నొక్కుకు రెండు తూటాలు పేలే ప్రమాదం వస్తుంది. యూఎస్‌పీఎస్‌ఏ ఓపెన్ విభాగంలో ట్రిగ్గర్‌కు కనీస బరువంటూ లేదు. కాబట్టి గీత గీయాల్సింది మేస్త్రే. ‘ఇంతకంటే తేలిక చేయను’ అని చెప్పి పని వదులుకున్న మేస్త్రిని నేను గౌరవిస్తాను. ఎందుకు చేయనన్నాడో కారణం రాసి ఇచ్చినవాణ్ని ఇంకా ఎక్కువ.

నిజానికి కొనేవారికి అంత తేలిక అవసరమో కాదో కూడా తెలియదు. 19వ శతాబ్దపు జర్మన్ శాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ వేబర్ చెప్పినట్టు, మనిషి గుర్తించగల కనీస తేడా అసలు పరిమాణానికి ఒక నిష్పత్తిలో ఉంటుంది. రెండున్నర కిలోల ట్రిగ్గర్‌లో 100 గ్రాములు తగ్గితే వేలికి తెలియకపోవచ్చు. కిలో ట్రిగ్గర్‌లో అదే 100 గ్రాములు తెలుస్తుంది. దానికి తోడు ‘ఇది ఖరీదైన పని’ అని ముందే తెలిసిన వేలు తేడా లేని చోట కూడా తేడా కనిపెడుతుంది. కళ్ల డాక్టర్లు ఈ సమస్యను ఎప్పుడో పరిష్కరించారు. ఏ అద్దం పెట్టారో చెప్పకుండా ‘ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?’ అని అడుగుతూ పోతారు, చివరికి చీటీ మీద అంకె రాస్తారు. పిస్టల్ మేస్త్రి కూడా రెండు స్ప్రింగులను పేరు చెప్పకుండా మార్చి, ఒకే వరసను పదేసి సార్లు కాల్పించి, టైమర్‌నూ అట్టనూ చూసి నిర్ణయించవచ్చు. నచ్చిన స్ప్రింగు, హిట్ ఫ్యాక్టర్ పెంచే స్ప్రింగు వేర్వేరని తేలితే ఏది కావాలో కొనేవారే చెప్తారు. సరదా కోసం కాల్చేవారు నచ్చినదాన్నే ఎంచుకోవచ్చు, అందులో తప్పేమీ లేదు.

ఒలింపిక్ పిస్టల్ క్రీడ ట్రిగ్గర్ విషయంలో ఈ బేరానికి తావివ్వలేదు. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌కు కనీసం 500 గ్రాములు, 25 మీటర్ల పిస్టల్‌కు 1,000 గ్రాములు అని నిబంధనలోనే రాసి, తూకం రాయి వేలాడదీసి పరీక్షిస్తారు. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ లాంటి మన షూటర్లు ఆడేది ఈ క్రీడే. వారికి మేస్త్రితో సంభాషణ ఎక్కువగా చెక్క పిడి గురించి, అరచేతికి అది ఎక్కడ ఒత్తుకుంటోందన్న దాని గురించి. అక్కడ కూడా యంత్రం మొరాయించడం ఎంత ఖరీదైనదో 2021లో టోక్యోలో చూశాం. మను భాకర్ పిస్టల్ అర్హత పోటీ మధ్యలో పాడై విలువైన నిమిషాలు పోయాయి, 575 పాయింట్లతో ఆమె 12వ స్థానంలో ఆగిపోయింది. మూడేళ్ల తరువాత పారిస్‌లో అదే 10 మీటర్ల విభాగంలో కాంస్యం గెలిచింది.

అమెరికా మేస్త్రులు దీనికి రెండు అభ్యంతరాలు చెప్పగలరు. అంకెలు ఇస్తే పక్క దుకాణంవాడు కాపీ కొడతాడన్నది ఒకటి. స్ప్రింగు బలం, ట్రిగ్గర్ బరువు, స్లయిడ్ బరువు ఎవరైనా విప్పి తూచి తెలుసుకోగలిగినవే. నిజమైన రహస్యం చేతి పనిలో ఉంటుంది, అది కాగితం మీదకు రాదు. రెండోది, కొనేవారికి అంకెలు అర్థం కావని. నాకు ఇది ఒప్పుకోబుద్ధి కాదు. క్రీడాకారులు తమ తూటాల వేగాన్ని క్రోనోగ్రాఫ్‌తో వాళ్లే కొలుచుకుంటారు. పెద్ద పోటీల్లో నిర్వాహకులు వారి తూటాలు కొన్ని తీసుకుని బరువు తూచి, వేగం కొలిచి, 165 రాకపోతే మైనర్ కింద లెక్కిస్తారు. అంత లెక్కతో బతికేవారికి స్ప్రింగు బలం అర్థం కాదనడం సాకు మాత్రమే. ఎమ్మెస్సీ ల్యాబ్‌లో మా మేష్టారు యూనిట్ రాయని జవాబుకు మార్కు వేసేవారు కాదు. డబ్బు తీసుకుని చేసే పనికి ఆపాటి క్రమశిక్షణ ఎక్కువేమీ కాదు.

కాగితం ఒక్క పేజీ చాలు. ఏ తూటాతో, ఎంత వేగంతో పరీక్షించారు, మొత్తం ఎన్ని రౌండ్లు కాల్చారు, ఎన్నిసార్లు ఆగింది. స్లయిడ్ బరువెంత, స్ప్రింగు ఎన్ని పౌండ్లు, ట్రిగ్గర్ ఎన్ని గ్రాములు, పదిసార్లు తూచితే ఆ అంకె ఎంత అటూ ఇటూ అయింది. ‘మీరు మెత్తగా అడిగారు, దానికోసం ఇది వదులుకున్నాం’ అని ఒక వాక్యం. స్ప్రింగులు కాల్చే కొద్దీ సొమ్మసిల్లుతాయి, పోటీ పిస్టల్‌లో కొన్ని వేల రౌండ్లకోసారి మార్చాల్సిందే. ఆ పేజీ దగ్గరుంటే పాత అంకె చూసి కొత్తది తెప్పించుకుంటారు. లేకపోతే మళ్లీ ఫోన్ చేసి ‘మునుపటిలా లేదండీ’ అనడం తప్ప చెప్పడానికి ఇంకేమీ ఉండదు.