ఎర్రకన్నుకు ముందు స్లైడు, తర్వాతే చుక్కలు

వరికోతలో ఆకు కంటికి గీసుకుంటుంది, వేరుశనగ పొట్టు ఎగిరిపడుతుంది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో కన్ను ఎర్రబడితే తొలి వైద్యం మందుల షాపు చుక్కలే. వాటిలో స్టెరాయిడ్ ఉంటే బాధ తగ్గినట్టుంటుంది, లోపల ఫంగస్ చెలరేగి నల్లగుడ్డుపై పువ్వు పడుతుంది. నల్లగుడ్డుపై పుండు బ్యాక్టీరియాదో ఫంగస్‌దో చూసి చెప్పడం నిపుణులకూ కష్టమే. దాన్ని కాస్త గీకి స్లైడుపై పెట్టి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్కవేసి మైక్రోస్కోపులో చూస్తే నిమిషాల్లో ఫంగస్ పోగులు కనబడతాయి. గీకడం ప్రతి పీహెచ్‌సీలో కుదరదంటారు. నిజమే. కానీ వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి కదా! పీహెచ్‌సీ చేయాల్సింది స్టెరాయిడ్ వేయకుండా అదేరోజు అక్కడికి పంపడం. కొత్త మందులు కావాలన్న వాదనా నిలవదు: 2013లో వెలువడిన క్లినికల్ పరీక్షలో కొత్త ఫంగస్ మందు వొరికొనజోల్ కన్నా పాత నాటమైసిన్ చుక్కలే మెరుగని తేలింది, ముఖ్యంగా ఫ్యూజేరియం అనే ఫంగస్‌పై. మొదట్లో గంటకోసారి, ఆపై వారాల తరబడి వేయాల్సిన ఆ చుక్కలను ఆసుపత్రే ఉచితంగా ఇవ్వాలి.