కొత్త షూలు వేయించినా బ్రేక్ ఎందుకు పడలేదు?

మొన్నటి మిర్చి సీజన్‌లో పల్నాడు నుంచి గుంటూరు యార్డుకు బయల్దేరిన ఒక పాత పికప్ బండి దారిలో రోడ్డు దిగి పొలంలోకి పోయింది. నడుపుతున్నది మన సంఘ సభ్యుడే, కౌలు రైతు. బండికి పన్నెండేళ్లు. లోడు 30 టిక్కీలు. గేదెలు అడ్డం వస్తే బ్రేక్ తొక్కాడు. పెడల్ కిందికంటా పోయింది. రెండోసారి తొక్కేసరికి కొంత పట్టింది గానీ అప్పటికే బండి అదుపు తప్పింది. అదృష్టం కొద్దీ మనుషులకు ఏమీ కాలేదు. చూడ్డానికి వచ్చినవాళ్లంతా ఒకటే మాట అన్నారు: "బ్రేకులు చూసుకోకుండా బండి తీస్తే ఇంతే."

కానీ అతను రెండు రోజుల ముందే వెనక చక్రాలకు కొత్త బ్రేక్ షూలు వేయించాడు. షూలు మార్చిన తర్వాతే బ్రేక్ తగ్గింది. ఈ మాట ఎవరికీ నమ్మబుద్ధి కాలేదు. పాత బండ్ల సంగతి తెలిసినవాళ్లకు మాత్రం ఇందులో వింత లేదు.

మన దగ్గర తిరిగే చిన్న సరుకు బండ్లు చాలావాటికి ముందు డిస్క్, వెనక డ్రమ్ము బ్రేకులుంటాయి. డ్రమ్ము లోపల రెండు షూలు బయటికి విచ్చుకుని డ్రమ్మును ఒరుసుకుంటేనే బండి ఆగుతుంది. ఏళ్ల తరబడి ఒరుసుకుని షూ అరిగినట్టే డ్రమ్మూ అరుగుతుంది, లోపలి వెడల్పు పెరుగుతుంది. కొత్త షూ వంపు కొత్త డ్రమ్ముకు సరిపోయేలా తయారవుతుంది. దాన్ని అరిగిన డ్రమ్ములో పెడితే మధ్యలో మాత్రమే తగులుతుంది, రెండు చివర్లూ ఖాళీగా ఉంటాయి. పైగా షూకీ డ్రమ్ముకీ మధ్య సందు సరిచేయకపోతే పెడల్ తొక్కిన బలమంతా ఆ సందు పూడ్చడానికే సరిపోతుంది. తర్వాత సంఘం తరఫున ఆ బండి చక్రాలు విప్పించి చూస్తే ఇవే బయటపడ్డాయి. డ్రమ్ములు రెండూ హద్దు దాటి అరిగాయి, అడ్జస్టరు తుప్పు పట్టి కదలడం లేదు. ఒక పక్క వీల్ సిలిండర్ నుంచి బ్రేక్ ఆయిల్ కారి కొత్త లైనింగును తడిపేసింది.

అందుకే షూలు మార్చాక బండి ఏం చెబుతోందో వినడం నేర్చుకోవాలి. రెండు మూడుసార్లు గబగబా తొక్కితే పెడల్ పైకొచ్చి గట్టిపడితే సందు ఎక్కువుందని అర్థం, అడ్జస్ట్ చేయాలి. మెత్తగా స్ప్రింగులా ఆడుతుంటే లైనులో గాలి ఉంది, తీయించాలి. కాలు అలాగే అదిమిపెడితే పెడల్ మెల్లగా కిందికి జారిపోతుంటే ఎక్కడో ఆయిల్ కారుతోంది, లేదా మాస్టర్ సిలిండర్ పోయింది. బండి ఒక పక్కకు లాగితే ఆ ఇరుసుకున్న రెండు చక్రాల్లో ఒకదానికి ఆయిలో గ్రీజో అంటింది, లేదా సిలిండర్ బిగుసుకుంది. కొద్ది దూరం పోగానే ఒక డ్రమ్ము కాలిపోతుంటే హ్యాండ్ బ్రేక్ కేబులు పట్టేసిందో, స్ప్రింగు తిరగేసి పెట్టారో చూడాలి. ఆయిల్ తడిసిన షూను గీకి, పెట్రోలుతో కడిగి మళ్లీ పెట్టడం మోసం. దాన్ని పారేయాలి. షూలు ఎప్పుడైనా రెండు పక్కలా ఒకేసారి మార్చాలి. బ్రేక్ ఆయిల్ చాలకపోతే ఇంజిను ఆయిల్ పోసేవాళ్లున్నారు. దానివల్ల రబ్బర్లన్నీ ఉబ్బి పాడవుతాయి. డ్రమ్ములో దుమ్మును గాలి కొట్టి ఊదకూడదు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, అది ఊపిరితిత్తులకు విషం. తడిగుడ్డతో తుడవాలి.

ఇంకొకటి మనం చేసుకున్న తప్పే. ఎక్కువ లోడు ఎత్తాలని వెనక కమాను పట్టీలు అదనంగా వేయిస్తున్నాం. కొన్ని సరుకు బండ్లకు వెనక ఇరుసు దగ్గర ఒక వాల్వు ఉంటుంది. లోడు పడి బాడీ ఎంత కిందికి దిగిందో దాన్నిబట్టి అది వెనక బ్రేకుకు బలం పంపుతుంది. పట్టీలు వేశాక లోడున్నా బాడీ దిగదు. బండి ఖాళీగా ఉందనుకుని ఆ వాల్వు వెనక బ్రేకు తగ్గిస్తుంది. అంటే బరువు పెంచి, బ్రేకు మనమే తీసేసుకుంటున్నాం. ఆ బండి వెనకాలే మిర్చి కోతకు వచ్చే ఆడకూలీలను ఎక్కిస్తున్నాం. టిక్కీలు పోతే మళ్లీ పండించుకోవచ్చు. ఆ తల్లులకు ఏమైనా అయితే ఏం చెబుతాం?

అయితే నేరమంతా రైతు మీదే వేయడం న్యాయం కాదు. డ్రమ్ములు కూడా మార్చాలని ఆ మెకానిక్కుకు తెలియక కాదు. చెబితే రైతు డబ్బు పెట్టలేడని తెలిసి చెప్పలేదు. 2025లో మిర్చి ధర పడిపోయి, కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించాల్సిన స్థితి వచ్చింది. అలాంటి ఏడాది కౌలు కట్టి, అప్పు కట్టి, డ్రమ్ములు ఎవరు మార్చగలరు? "పంట అమ్మాక చూద్దాం" అంటాడు. ఆ పంటను యార్డుకు చేర్చాల్సింది ఆ బ్రేకులే.

పాత బండ్లు తుక్కు చేయండని పైనుంచి సలహాలు వస్తున్నాయి. కొత్త బండి కొనే శక్తి ఉన్నవాడు పాతది ఎందుకు నడుపుతాడు? నా అభిప్రాయం ఒక్కటే. ప్రమాదం బండి వయసులో లేదు, సగం రిపేరులో ఉంది. పూర్తి రిపేరు రైతుకు అందేలా చేస్తే పన్నెండేళ్ల బండి కూడా ఆగాల్సిన చోట ఆగుతుంది. ఎనిమిదేళ్లు దాటిన సరుకు బండికి ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంది. కాగితం మీద ముద్ర పడితే చాలదు. ఏ చక్రం ఎంత పట్టింది, ఎక్కడ లోపముంది అని తెలుగులో రాసి రైతు చేతికివ్వాలి.

2025 సెప్టెంబరులో ట్రాక్టరు బ్రేకు భాగాల మీద జీఎస్టీని 18 నుంచి 5 శాతానికి తగ్గించారు. మంచిదే. కానీ అదే పంటను మోసే చిన్న సరుకు బండి బ్రేకు భాగాల మీద 18 శాతం ఉంది. ప్రాణం కాపాడే సామానుకు ఈ తేడా ఎందుకు? దాన్ని కూడా 5 శాతానికి తేవాలి. పన్ను భారం తగ్గితే నకిలీ షూల వైపు చూసే అవసరమూ తగ్గుతుంది.

2022 డిసెంబరులో కేంద్రం రిపేరు హక్కు పోర్టల్ ప్రారంభించింది. వ్యవసాయ పరికరాలు, వాహనాలు రెండూ దాని పరిధిలో ఉన్నాయి. డ్రమ్ము ఎంతవరకు అరిగితే వాడొచ్చు, లైనింగు ఎంత మందం మిగలాలి, షూలు ఎలా అడ్జస్ట్ చేయాలి అన్న వివరాలను కంపెనీలు మోడల్ వారీగా తెలుగులో, బొమ్మలతో అందులో పెట్టాలి. ఐటీఐల ద్వారా మండల కేంద్రాల్లో షెడ్డు మెకానిక్కులకు ఉచిత శిక్షణ ఇవ్వాలి.

ప్రభుత్వం కదిలేదాకా మనం చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. డ్రమ్ము లోపలి కొలత తీసే క్యాలిపరు ఒకటి ప్రతి మండల శాఖ కొనిపెట్టుకోవచ్చు. చాలా డ్రమ్ముల మీద గరిష్ఠ కొలత అచ్చు వేసే ఉంటుంది. దాన్ని చదివి, కొలిచి, దాటితే మార్చాలి, అంతే. సీజనుకు ముందు ఒక ఆదివారం మన మెకానిక్కులను పిలిచి ఊళ్లో బండ్లన్నిటికీ చక్రాలు విప్పి చూపిద్దాం. డబ్బు లేనివాడికి డ్రమ్ముల ఖర్చు సంఘం నిధి నుంచి సర్ది, పంట అమ్మాక తీసుకుందాం.

గిట్టుబాటు ధర కోసం యార్డు గేటు దగ్గర పోరాడతాం. ముందు ఆ గేటు దాకా మనం, మన కూలీలు క్షేమంగా చేరాలి కదా!