ఒక్క సూదితో సరిపోదు

కుక్కపిల్లను ఇంటికి తెచ్చినవాళ్లు ముందు మెడకు బెల్టు కొంటారు, తర్వాత పేరు వెతుకుతారు. టీకాల సంగతి అడిగితే ‘అమ్మినవాళ్లే ఒకటి వేయించారట’ అంటారు. పార్వో వైరస్‌కు కావలసింది సరిగ్గా ఈ ధీమాయే.

పుట్టిన రోజున తాగే ముర్రుపాలతో తల్లి యాంటీబాడీలు పిల్లకు చేరతాయి. కొన్ని వారాలపాటు పిల్లను కాపాడేవి అవే, టీకాను పనిచేయనివ్వనివీ అవే. బయటినుంచి వచ్చే వైరస్‌కూ, సూదిమందులోని బలహీనపరచిన వైరస్‌కూ వాటికి తేడా తెలియదు. అవి ఎప్పుడు తగ్గుతాయన్నది ఒకే ఈతలో పుట్టిన పిల్లల్లో కూడా ఒకేలా ఉండదు. రోగాన్ని ఆపలేనంతగా తగ్గిపోయి, టీకాను అడ్డుకునేపాటి మాత్రం మిగిలి ఉండే రోజులు కొన్ని వస్తాయి. ప్రమాదమంతా అక్కడే. అందుకే 6 నుంచి 8 వారాల వయసులో మొదలుపెట్టి, రెండు నుంచి నాలుగు వారాలకోసారి, 16 వారాలు నిండేదాకా మళ్లీ మళ్లీ వేస్తారు. ఇది డాక్టరు ఫీజు కోసం వేసిన లెక్క కాదు.

1978లో గుర్తించిన ఈ వైరస్ మట్టిలో నెలల తరబడి నిలిచి ఉంటుంది. చెప్పులకు అంటుకుని మూడో అంతస్తు ఫ్లాటుకూ వస్తుంది. వాంతులు, నెత్తుటి విరేచనాలతో ఒంట్లో నీరు ఇంకిపోయి పిల్ల రెండు మూడు రోజుల్లోనే చనిపోవచ్చు.

ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. అయినా నెల పిల్లలు బుట్టల్లో అమ్ముడవుతూనే ఉన్నాయి. కొనేవాళ్లున్నంతకాలం అమ్మేవాళ్లనొక్కరినే తప్పుపట్టి లాభం లేదు.

మన వాతావరణం మరో చిక్కు. చలిదేశాల్లో గోమార్లకు చలికాలం కళ్లెం వేస్తుంది, ఇక్కడ ఏడాది పొడవునా వాటి కాలమే. ఎర్లీషియా బాక్టీరియాను మోసే గోధుమరంగు గోమారి గోడ పగుళ్లలో వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. కుక్కకు మందు పూసి గోడను వదిలేస్తే అయ్యేది సగం పనే.

కుక్కకు చెమట పాదాల దగ్గర తప్ప పెద్దగా పట్టదు. వగరుస్తూ నోటి తడిని ఆవిరి చేసుకుని చల్లబడుతుంది. విశాఖపట్నం ఉక్కలో ఆ ఉపాయం సరిగా పారదు. సైబీరియా మంచుకు తగిన బొచ్చున్న హస్కీని అక్కడ పెంచడం ముచ్చట కావచ్చు గానీ, దాన్ని ప్రేమ అనడం కష్టం.

పిల్లకు రేబిస్ టీకా సాధారణంగా మూడు నెలల వయసులో వేస్తారు. పాలపళ్లే కదా అని గాటును తేలిగ్గా తీసుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి. రేబిస్‌కు కుక్క వయసుతో పనిలేదు. గీరుకున్నా సరే, సబ్బుతో 15 నిమిషాలు ధారగా పారే నీటికింద కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.