పందెంలో మరణం: ప్రమాదమా, నేరమా?

కారు పందెం ప్రాణాపాయంతో కూడిన క్రీడ. తెలిసి దిగినవాడు మరణించినప్పుడు ఇతరులను బోనెక్కించడం న్యాయమా అని ప్రశ్నించేవారున్నారు. ఇటలీ న్యాయస్థానాలలో పదేళ్లు నడచిన ఒక వ్యాజ్యం ఈ ప్రశ్నను మన ముందుంచుతున్నది.

1994 మే 1వ తేదీన ఇటలీలోని ఇమోలాలో జరిగిన శాన్ మారినో గ్రాండ్ ప్రీ పందెంలో, మూడు పర్యాయాలు ప్రపంచ విజేతగా నిలిచిన బ్రెజిల్ వీరుడు ఐర్టన్ సెన్నా, ఏడవ చుట్టులో టాంబురెల్లో మలుపు వద్ద గోడను ఢీకొని మరణించాడు. అంతకు ముందురోజే అక్కడ ఆస్ట్రియా దేశస్థుడు రోలాండ్ రాట్జెన్‌బెర్గర్ అసువులు బాసినాడు. సెన్నా కారులో స్టీరింగు కడ్డీ విరిగి కనిపించినది. లోపల చోటు చాలడం లేదని అతడు కోరగా, విలియమ్స్ జట్టువారు ఆ కడ్డీని కోసి, సన్నని గొట్టం చేర్చి వెల్డింగు చేసియుండిరి.

నిర్లక్ష్యం వలన ప్రాణహాని కలిగించిరని ఆరుగురిపై 1997లో విచారణ జరిగినది. ఢీకొన్నందువలననే కడ్డీ విరిగినది గాని, విరిగినందువలన ఢీకొనలేదని ప్రతివాదుల వాదన. ఆ డిసెంబరులో అందరూ నిర్దోషులుగా విడుదలైనారు. సర్వోన్నత న్యాయస్థానం 2003లో ఇద్దరు ఇంజనీర్ల విషయమై పునర్విచారణకు ఆదేశించినది. 2005లో ఏడ్రియన్ న్యూయీ నిర్దోషి అని తేలినది. పాట్రిక్ హెడ్‌పై అభియోగానికి కాలపరిమితి చెల్లినది. 2007 ఏప్రిల్‌లో సర్వోన్నత న్యాయస్థానం, సరిగా రూపొందించని, సరిగా చేయని ఆ మార్పు వలననే కడ్డీ విరిగినదనీ, పర్యవేక్షణ లోపించిన బాధ్యత హెడ్‌దేననీ పేర్కొన్నది. కాలం మించినందున శిక్ష లేదు.

మార్పు కోరినది సెన్నాయే కదా అనవచ్చును. కోరడం చోదకుని వంతు. కోరినది క్షేమకరమో కాదో పరీక్షించడం నిర్మాతల వంతు. వేగాన్ని, మలుపును, పోటీదారుని అతడు ఎరిగి అంగీకరించాడు. కంటికి కనబడని అతుకులోని లోపాన్ని అంగీకరించలేదు.

జైలు భయంతో ఇంజనీర్లు నిజాలు దాచిపెడతారన్న అభ్యంతరం తేలికగా త్రోసివేయదగినది కాదు. ప్రతి పొరపాటూ నేరం కారాదు. న్యూయీ తన 2017 నాటి ఆత్మకథలో తనకు కొంత బాధ్యతాభావమున్నదనీ, అది నేరభావం కాదనీ వ్రాసుకున్నాడు. ఈ భేదాన్ని న్యాయమూ పాటించవలెను. అయితే చేయవలసిన పరీక్ష చేయకపోవడం పొరపాటు కాదు, కర్తవ్యలోపం. దానిని విచారించే అధికారం క్రీడాసంఘాలకే విడిచిపెట్టరాదు. పదమూడేళ్లకు వెలువడిన నిర్ణయం మాత్రం మృతుని బంధువులకు గాని, నిందితులకు గాని న్యాయం చేకూర్చినదనలేము. సాంకేతిక విచారణ సత్వరం జరిగి, దాని ఫలితం ప్రజలకు వెల్లడి కావలెను.

ఉర్దూలో 'అమానత్' అనే మాటకు అప్పగించిన సొత్తు అని అర్థం. దానికి ద్రోహం చేయడం 'ఖియానత్'. ఇతరుల ప్రాణం మన చేతిపనిపై ఆధారపడినప్పుడు ఆ ప్రాణం మనకు అమానత్. రేపు ఇంజనీర్లు, వైద్యులు, అధికారులు కాబోయే విద్యార్థులారా! జరిగినదానిని తక్‌దీర్‌పైకి నెట్టివేయడానికి ముందు, మనం చేయవలసిన పరీక్ష చేశామా అని ప్రశ్నించుకొనవలెను.