పేట టాకీసులో ఒక ఉదయపుటాట

పేటలోని సినిమాహాలుకు శని, ఆదివారాలే పంటకాలం. మిగిలిన అయిదు దినాలలో ఖాళీ కుర్చీలకు బొమ్మ చూపి, ఈ రెండు దినాలలో కరెంటు ఖర్చూ, పనివారి జీతాలూ రాబట్టుకొనవలసిన అవస్థ యజమానిది. కావున శుక్రవారం విడుదలైన కొత్త చిత్రానికే నాలుగు ఆటలూ అప్పగించిన అతనిని నిందించటం తేలిక. అయితే ఏ బొమ్మ ఎప్పుడు ఆడవలెనో నిర్ణయించే పని యావత్తూ పంపిణీదారుకు వదలివేసిన హాలుకూ, అద్దెకిచ్చే కల్యాణమండపానికీ భేదమేమిటన్న ప్రశ్న మాత్రం మిగిలిపోతున్నది.

ఒకప్పుడు తెలుగునాట ఆదివారపు ఉదయపుటాటలో పాత చిత్రాలో, ఇతర భాషాచిత్రాలో తక్కువ ధరకు ఆడుతుండేవి. రీళ్లపెట్టె రైలులోనో బస్సులోనో రావలె; గీతలు పడిన ప్రతి నడుమ తెగవలె; నేలతరగతి ఈలలు వేయవలె. అయినప్పటికీ ఆట సాగేది. ఇప్పుడు పెట్టె లేదు, రీలు లేదు. చిత్రం డిజిటల్ ప్రతిగా హాలుకు చేరుతున్నది. శ్రమ తగ్గిన దినాలలోనే ఆ ఆటలు అరుదు కావటం వింత.

“పాత బొమ్మకు ఎవరు వస్తారు?” అన్నది యజమానుల సమాధానం. 2006 నాటి ‘పోకిరి’ని 2022 ఆగస్టులో కథానాయకుని జన్మదినాన మళ్లీ ఆడించినప్పుడు హాళ్లు నిండాయి. చేతిలోని ఫోనులో ఎన్నిమార్లయినా చూడగల బొమ్మకు జనం టిక్కెట్టు కొన్నారు. ఆ సమాధానం అక్కడితో చెల్లిపోయింది. కాని అది అభిమానుల తిరునాళ్ల. తిరునాళ్లవల్ల ఊరికి సందడి కలుగుతుంది గాని పిల్లలకు చదువు రాదు.

ఆదివారపు ఉదయాన్ని వదులుకొమ్మని అడగటం అన్యాయం. బడులకు సెలవైన రెండవ శనివారం ఉదయం ఒక్క ఆట, ఏడాదికి పన్నెండు, అడగటం అన్యాయం కాదు. చుట్టుపక్కల బడులు ముందుగానే ఇన్ని టిక్కెట్లని మాట ఇస్తే నష్టభయం సగం తీరుతుంది. చిత్రహక్కులు ఎవరివో, మంచి ప్రతి ఎక్కడ ఉన్నదో విచారించే శ్రమ మిగులుతుంది, అది తప్పదు.

చిత్రాల ఎన్నికకంటె వాటి వరుస ముఖ్యం. ‘మల్లీశ్వరి’ (1951) ఆడిన మరుసటి నెల ‘రోజులు మారాయి’ (1955) ఆడితే, రాజాంతఃపురం ఒక జంటను విడదీసిన తీరునూ, భూస్వామికి రైతులు ఎదురు నిలిచిన తీరునూ పిల్లలు తమంత తామే పక్కపక్కన పెట్టి చూస్తారు. ‘మాయాబజార్’ (1957)లో శశిరేఖ ప్రియదర్శినిలో అభిమన్యుని చూసే ఘట్టం నేటి పిల్లలకు తమ ఫోనునే గుర్తు చేస్తుంది. ఆ కథలో పాండవులు తెరపై కనబడనే కనబడరన్న సంగతి మాత్రం ఎవరో ఒకరు అడిగితేనే తట్టుతుంది, అడగవలసినవారు ఉపాధ్యాయులు. అటుపిమ్మట సత్యజిత్ రాయ్ ‘పథేర్ పాంచాలీ’ (1955)కి పోవచ్చు. మొదటి నెలలోనే దానిని పెట్టినవారు రెండవ నెల ఖాళీ హాలును చూడవలసివస్తుంది.

ఆటకు ముందు ఒక ఉపాధ్యాయుడు అయిదు నిమిషాలు మాట్లాడటం మేలు. అరగంట ప్రసంగం కీడు. కథ చెప్పివేయటం మహాపరాధం. ప్రశ్నలేవైనా ఉంటే ఆట ముగిసిన తరువాత, హాలు మెట్లమీదనే, మధ్యాహ్నపుటాటకు జనం చేరకముందే అడుగవచ్చు.