తెలుగు జట్టునకు ఇల్లెక్కడ?

కబడ్డీ మన పల్లెల యాట. గోదావరి యొడ్డున నున్న ఖానాపూరు వంటి యూరిలో దానికి కావలసినది చదునైన నేలయు, నాలుగు గీతలును, ఊపిరి బిగబట్టగల బాలురును మాత్రమే. ఆ యాట 2014వ సంవత్సరమున వృత్తిక్రీడ యైనప్పుడు ‘తెలుగు టైటన్స్’ జట్టు మన జాతి పేరు దాల్చి బరిలో దిగినది.

ఆ జట్టునకు స్వస్థలము మాత్రము స్థిరము కాలేదు. విశాఖపట్టణమున మొదలై హైదరాబాదులోని గచ్చిబౌలికి చేరినది. 2018లో విశాఖకు మరలి, 2019లో గచ్చిబౌలికే వచ్చినది. మహమ్మారి కారణమున 2021-22 పోటీలన్నియు బెంగుళూరుననే జరిగినవి. 2024లో హైదరాబాదు, 2025లో విశాఖ మరల వేదికలైనవి.

ఈ సంచారమును మేము దోషమనము. రాష్ట్రము రెండైన యేటనే పుట్టిన జట్టు ఇరువురకును చెందుట మేలే. కాని తెలుగునేల రెండు నగరములతో ముగియునా? లీగు పోటీలను ఖానాపూరున జరుపుమని యెవరును కోరరు. అందులకు వలయు మందిరములు నగరములందే కలవు. అయినను మట్టిపై నేర్చిన బాలుడు చాపపై తడబడక తప్పదు. ఏటేట కొన్ని దినములు జట్టు పల్లెలకు వచ్చి, చాప పరచి, శిక్షణ మిచ్చి, సమర్థుల నేరుకొనవలెను. పేరు జాతిదైనప్పుడు ఇల్లును జాతిదే కావలెను గదా!